శిల్పి చాంట్రీ

చెన్నపట్టణమున జీనును రికాబులును లేని గుఱ్ఱముపై కూర్చున్న సర్ తామస్ మన్రో కంచువిగ్రహమును మన విద్యార్థులలో పలువురు చూచియుందురు. దత్తమండలముల కలెక్టరుగాను, పిమ్మట గవర్నరుగాను ఉండి, 1827లో పత్తికొండలో విషూచిచే మరణించిన ఆ దొరను మనవా రెఱుగుదురు. ఆ విగ్రహమును చేసిన ఫ్రాన్సిస్ చాంట్రీ నెఱిగినవారు తక్కువ.

చాంట్రీ 1781లో ఇంగ్లాండునందు షెఫీల్డు చెంత నార్టన్ గ్రామమున జన్మించెను. వడ్రంగియు చిన్న సేద్యగాడునైన తండ్రి, కుమారునకు పండ్రెండేండ్లప్పుడు గతించెను. బాలుడు కొంతకాలము కిరాణా దుకాణమున నుండి, పిదప కొయ్యచెక్కువాని యొద్ద శిష్యుడయ్యెను. 1802లో 50 పౌనులు చెల్లించి, గడువునకు ముందే విడుదల పొందెను. తరువాత లండనులో కూలికి కొయ్య చెక్కెను. 1809లో బంధువైన మేరీ ఆన్ వేల్‌ను వివాహమాడెను. ఆమె ధనము లేకున్న స్వంత పనిశాల యేర్పడుట దుర్లభమే; ఈ సంగతిని దాచరాదు.

1811లో రాయల్ అకాడమీ ప్రదర్శనమున హార్న్ టూక్ ప్రతిమ నుంచిన పిమ్మట ధనవంతులు, ప్రభువులు ఆతని వాకిట నిలిచిరి. ఆతని పని యిట్లు సాగెడిది. మొదట కెమేరా లూసిడా అను పరికరముతో ముఖమును ఎదుటినుండియు ప్రక్కనుండియు గీసికొనును. ఆ గీతల ననుసరించి తడిమట్టితో తలను భుజములను తీర్చును. మట్టి యెండి పగులకమునుపే అచ్చుతీసి, తెల్లని ప్లాస్టరు పోసి ప్రతిమ చేయింతురు. దానిపై చుక్కలు గుర్తించి, కొలతలను పాలరాతికి ఎక్కించి, సహాయకులు చెక్కుదురు. కనుక శిల్పి వ్రేళ్లు దిద్దిన రూపునకు పాలరాతికంటె ప్లాస్టరే సమీపము. కొనువారు మాత్రము పాలరాతినే కోరిరి!

శామ్యూల్ రోజర్స్ అను బ్యాంకరు కవి, కళాపోషకుడు. చాంట్రీ ప్రసిద్ధుడైన పిమ్మట ఒకనాడు ఆతని యింట, పాత్ర నుంచిన కొయ్యబల్లను చూచి, దీనిని చేసిన దెవరని యడిగెను. ఎవరో సామాన్యుడగు పనివాడని రోజర్స్ చెప్పెను. నాడు తమ యెదుట నిలిచి ఆజ్ఞలు విన్న ఆ కుఱ్ఱవాడను నేనే యని చాంట్రీ తెలిపెను. రోజర్స్ ఆ ముఖమును గుర్తుంచుకొనలేదు.

1835లో సర్ బిరుదము వచ్చెను. చాంట్రీ 1841లో మరణించెను, సంతానము లేదు. భార్య యనంతరము సుమారు 1,05,000 పౌనుల ఆస్తి రాయల్ అకాడమీకి చెంది, దాని వడ్డీతో బ్రిటనులో చేయబడిన చిత్రములను, శిల్పములను కొనవలెనని వ్రాసెను. కళాకారుడు ఏ దేశస్థుడైనను అభ్యంతరము లేదు. అకాడమీవారు తమ ప్రదర్శనములలోని వానినే కొనుచున్నారని నింద పుట్టగా, 1904లో ప్రభువుల సభ విచారించెను.

పాలరాతి ముఖములు ధనికుల మేడలకు పోయెను. పనిశాలలో మిగిలిన ప్లాస్టరు ప్రతిమలను 1842లో ఆతని భార్య ఆక్సుఫర్డు విశ్వవిద్యాలయమునకు ఒసగెను.