ఆ ఎర్ర మాత్ర వెనక మనోడున్నాడు

నల్లపాడులో కడుపుతో ఉన్న ఆడబిడ్డకు ఆశా కార్యకర్త ఇచ్చే ఎర్ర మాత్ర చూశారుగా. అందులో ఇనుముతో పాటు ఫోలిక్ యాసిడ్ ఉంటది. దాన్ని ల్యాబులో తయారుచేసిన జట్టును నడిపింది ఎవరనుకున్నారు? మన యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన పుట్టింది 1895లో, భీమవరంలో. ఇంట్లో ఇబ్బందులు. మెట్రిక్ రెండుసార్లు పోయింది, మూడోసారి మద్రాసులో గట్టెక్కాడు. తిన్న తిండి ఒంటబట్టనీయని స్ప్రూ జబ్బు ఇద్దరు అన్నదమ్ముల్ని రోజుల తేడాలో తీసుకుపోయింది. ఆ దెబ్బ ఆయన మర్చిపోలేదు.

మద్రాసు మెడికల్ కాలేజీలో గాంధీ పిలుపు విని ఖద్దరు గౌను తొడిగాడు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కు అది కంట్లో నలుసైంది. ఎంబీబీఎస్ రావాల్సినోడికి దానికంటే చిన్నదైన ఎల్ఎంఎస్ పట్టా చేతిలో పెట్టారు. చేసేదిలేక ఆయుర్వేద కాలేజీలో పాఠాలు చెప్పుకున్నాడు.

1922లో మామగారి డబ్బు, కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సాయం కలిపి అమెరికా ఓడెక్కాడు. బోస్టన్‌లో రాత్రుళ్లు ఆసుపత్రిలో పాకీపనితో సమానమైన చాకిరీ చేశాడు, పగలు హార్వర్డులో చదివాడు. ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి కనిపెట్టాడు. 1929లో ఇద్దరూ ఏటీపీ సంగతి బయటపెట్టారు. ఒంట్లో శక్తికి చిల్లర డబ్బులాంటిది ఏటీపీ. మిరపకాయ కోసే కూలి తల్లి చెయ్యి కదలాలన్నా అదే ఖర్చవ్వాలి. అంత పని చేసినా హార్వర్డు పర్మనెంటు కొలువు ఇయ్యలేదు.

1940లో లెడర్లే అనే మందుల కంపెనీకి పోయాడు, పరిశోధనంతా ఆయన చేతికొచ్చింది. 1945లో ఫోలిక్ యాసిడ్ తయారైంది. అన్నదమ్ముల్ని మింగిన స్ప్రూకు అదే మందైంది. దానికి ఎదురు పనిచేసే అమినోప్టెరిన్‌ను కూడా ఆయన జట్టే తయారుచేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు దాన్ని రక్త క్యాన్సరున్న 16 మంది పిల్లలకిస్తే 10 మందికి జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. అప్పటిదాకా ఆ పిల్లలకు చావే దిక్కు. దాని తమ్ముడు మెథోట్రెక్సేట్ ఇయ్యాల్టికీ క్యాన్సరుకు, కీళ్లవాతానికి వాడుతున్నారు. బోదకాలు రాకుండా ఇంటింటికీ పంచే డీఈసీ మాత్ర ఆయన ల్యాబుదే. డగ్గర్ కనిపెట్టిన ఆరియోమైసిన్ కూడా ఆయన కిందనే పుట్టింది.

1948 ఆగస్టులో నిద్రలోనే గుండె ఆగింది. 53 ఏళ్లు. అమెరికా పౌరసత్వం చివరిదాకా తీసుకోలేదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! టెన్త్ పోతే మిర్చి యార్డులో బస్తాలు మోయడానికి పంపే ఊళ్లు మనవి. మూడోసారి ఫీజు కట్టే ఇల్లు, సాయపడే ధర్మసంస్థ ఉండబట్టే ఆ బుర్ర మనకు దక్కింది. అవి దొరక్క పత్తి చేలల్లో ఆగిపోయిన బుర్రలెన్నో లెక్కెవరు రాశారు? ఫెయిలైన పిల్లలకు మళ్లీ చదువు చెప్పే ఏర్పాటు ఊరూరా ఉండాలని సర్కారును నిలదీయాలి.

జనవరి 12న బడిలో వివేకానందుడి జయంతి చేస్తారుగా. సుబ్బారావు పుట్టినరోజూ అదే. ఈసారి ఆయన ఫొటో కూడా పెట్టమని మన హైస్కూలు సార్లను అడగండి.