అలెగ్జాండర్ ఫ్లెమింగు: మందు నిచ్చి మందలించిన మనీషి

ఒక మందును కనుగొన్న శాస్త్రజ్ఞుడు దాని మహిమను చాటుట సహజము. తప్పుగా వాడినచో ఆ మందే పనికిరాకుండ పోవునని ఆయనయే ముందుగా హెచ్చరించుట అరుదు. పెన్సిలినును కనుగొన్న అలెగ్జాండర్ ఫ్లెమింగు అట్టి అరుదైన శాస్త్రజ్ఞుడు.

ఆయన 1881 ఆగస్టు 6వ తేదీన స్కాట్లండు దేశమున, ఎయిర్‌షైరు మండలమందలి డార్వెల్ గ్రామసమీపమున ఒక రైతు కుటుంబమున జన్మించెను. ఏడేండ్ల ప్రాయముననే తండ్రి గతించెను. పొలముగట్లపై, వాగుల వెంట తిరుగుచు, కంటబడిన ప్రతి వస్తువును నిదానించి చూచుట బాలునకు అలవాటయ్యెను. ఆ చూపే తరువాత ఆయనకు పెట్టుబడి అయినది.

పదమూడవ యేట లండను నగరము చేరి, కొంతకాలము చదివి, నాలుగేండ్లు ఓడల కంపెనీలో గుమాస్తాగా పనిచేసెను. ఇరువదవ యేట బంధువొకరి ఆస్తిలో కొంత భాగము సంక్రమింపగా, ఆ ధనముతో వైద్యవిద్య నభ్యసింప నిశ్చయించి సెయింట్ మేరీస్ ఆసుపత్రి కళాశాలలో ప్రవేశించెను. 1906లో అచ్చటనే సర్ ఆల్మ్‌రోత్ రైట్ అను విద్వాంసుని పరిశోధనశాలలో చేరెను. ఆయన జీవితకార్యమంతయు ఆ ఆసుపత్రితోనే పెనవైచుకొన్నది.

1914లో మొదటి ప్రపంచయుద్ధము ప్రారంభమయ్యెను. ఫ్లెమింగు ఫ్రాన్సు దేశమందలి బులోన్ పట్టణమున సైనిక వైద్యుడుగా పనిచేసెను. ఆ దినములలో సైనికుల గాయములలో ఘాటైన క్రిమిసంహారక ద్రవములు పోయుట ఆచారము. లోతైన గాయముల మూలమూలలకు ఆ ద్రవములు చేరవనియు, పైగా క్రిములతో పోరాడు తెల్లకణములను చంపుననియు ఆయన ప్రయోగపూర్వకముగా నిరూపించెను. మందు మంచిదైనంత మాత్రమున చాలదు, దానిని వాడు తీరు కూడ తెలిసియుండవలెనను పాఠమును ఆయన ఆ యుద్ధభూమిలోనే నేర్చెను.

1928 సెప్టెంబరు 3వ తేదీన, సెలవులు గడపి వచ్చి, బల్లపై వదలిపోయిన గాజుపళ్లెములను ఆయన పరిశీలించుచుండెను. చీముగడ్డలకు కారణమగు స్టాఫిలోకాకస్ అను సూక్ష్మజీవులను వానిలో పెంచియుండెను. ఒక పళ్లెమున బూజు పట్టినది. మరియొకడైనచో దానిని కడిగి పారవేసియుండును. ఫ్లెమింగు నిదానించి చూచెను. బూజు చుట్టును సూక్ష్మజీవులు కరిగిపోయి, ఆ చోటు తేటగా నున్నది. ఆ బూజు పెన్సిలియం జాతిది. దానినుండి వెలువడు పదార్థమునకు 1929లో ఆయన పెన్సిలిన్ అని నామకరణము చేసి, పరిశోధన వ్యాసమును ప్రకటించెను. కాని దానిని శుద్ధిచేసి మందుగా మార్చుట ఆయనకు సాధ్యపడలేదు.

ఆ పని ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున ఫ్లోరీ, చెయిన్ మొదలగు వారివలన నెరవేరెను. 1940 మే 25వ తేదీన వారు ఎనిమిది ఎలుకలకు ప్రాణాంతకమైన సూక్ష్మజీవుల నెక్కించి, నాలుగింటికి మాత్రము పెన్సిలిన్ ఇచ్చిరి. మందు పొందనివి నాలుగును తెల్లవారులోగా చనిపోయినవి. మందు పొందినవి బ్రతికియున్నవి. 1941లో మరణావస్థలో నున్న ఒక పోలీసు ఉద్యోగికి ఈ మందు నిచ్చిరి. కొలది దినములలోనే ఆశ్చర్యకరమైన గుణము కనబడెను. కాని మందు నిలువ అయిపోయినది. రోగి మూత్రమునుండి సైతము మందును తిరిగి తీసి వాడినను చాలలేదు. వ్యాధి తిరుగబెట్టి ఆయన మరణించెను. చాలినంత ఇయ్యని మందు శత్రువును సగము కొట్టి విడిచినట్లేయని ఈ విషాదఘటన వెల్లడించినది.

యుద్ధకాలమున అమెరికాలో పెన్సిలిన్ విస్తారముగా తయారై అసంఖ్యాకుల ప్రాణములను నిలిపెను. 1945లో ఫ్లెమింగు, ఫ్లోరీ, చెయిన్ అను మువ్వురకు నోబెల్ బహుమానము లభించెను. ఆ సంవత్సరము డిసెంబరు 11వ తేదీన స్టాక్‌హోములో ఫ్లెమింగు ఉపన్యసించెను. లోకమంతయు ఆయనను కీర్తించుచున్న వేళ ఆయన ఒక చిన్న కల్పితకథ చెప్పెను. గొంతునొప్పి వచ్చిన ఒక గృహస్థు తానే పెన్సిలిన్ కొనితెచ్చుకొని కొంచెము వాడును. ఆ కొంచెము సూక్ష్మజీవులను చంపజాలదు. మందును తట్టుకొనుట మాత్రము వానికి నేర్పును. ఆ సూక్ష్మజీవులు ఆయన భార్యకు సోకును. ఆమెకు న్యుమోనియా వచ్చును. పెన్సిలిన్ ఇచ్చినను పనిచేయదు. ఆమె మరణించును. ఈ మరణమునకు బాధ్యుడు భర్తయే యని ఫ్లెమింగు తీర్పు.

ఇది ఊహామాత్రము కాదు. చాలని మోతాదులో మందు తగిలించినచో సూక్ష్మజీవులు దానిని తట్టుకొనుట పరిశోధనశాలలో సులభముగా కనబడు విషయము. కోట్లకొలది సూక్ష్మజీవులలో కొన్నింటికి మందును ఓర్చు శక్తి యుండును. బలహీనములైనవి చచ్చి అవి మిగులును. వాని సంతతియే వృద్ధిపొందును. 1948 నాటికే లండనులోని ఒక ఆసుపత్రిలో రోగులనుండి తీసిన స్టాఫిలోకాకస్‌లలో సగమునకు పైగా పెన్సిలినుకు లొంగనివి కనబడెను.

1955 మార్చి 11వ తేదీన ఫ్లెమింగు గుండెపోటుతో మరణించెను. సెయింట్ పాల్స్ ప్రార్థనాలయమున ఆయన చితాభస్మమును సమాధి చేసిరి. పెన్సిలినుకు లొంగని క్రిముల కొరకు తరువాత మెథిసిలిన్ అను మందు వచ్చినది. 1961లోనే దానికిని లొంగని క్రిములు బయటపడినవి.

నేడు ఆయన మాట లోకమంతట నిజమగుచున్నది. మందులకు లొంగని సూక్ష్మజీవులవలన 2019లో ప్రపంచమున సుమారు 12.7 లక్షలమంది మరణించిరని శాస్త్రజ్ఞులు లెక్కగట్టిరి. మన దేశమున కొన్ని ముఖ్యమైన యాంటీబయాటిక్ మందులను వైద్యుని చీటి లేకుండ అమ్మరాదనియు, అమ్మినప్పుడు వివరములు ప్రత్యేక పుస్తకమున వ్రాయవలెననియు 2014 మార్చినుండి నిబంధన అమలులోనికి వచ్చినది. అయినను జలుబు చేయగానే మందుల దుకాణమునకు పోయి రెండు మాత్రలు అడుగువారు, ఒకరికి వ్రాసిన మందును ఇంకొకరికి పెట్టువారు, ఒళ్లు తేలికపడగానే వైద్యుని అడుగకయే మందు మానువారు మన యిండ్లలోనే కలరు. జలుబునకు కారణము వైరసు. దానిపై యాంటీబయాటిక్ మందు పనిచేయదు. పనిలేని చోట వాడిన మందు శరీరమందలి ఇతర సూక్ష్మజీవులకు శిక్షణ యిచ్చుటకే పనికివచ్చును.

ఫ్లెమింగు కథలో తప్పు చేసినవాడు బ్రతికెను. ఏ తప్పు చేయని యిల్లాలు మరణించెను. ఇతర మందులను దుర్వినియోగము చేసినచో సాధారణముగా చెరుపు వాడినవానికే. ఈ మందు విషయమున ఆ చెరుపు ప్రక్కవానికి, పసిబిడ్డకు, రేపటి రోగికి చేరును. మందు పెట్టె తెరచునపుడు ఆ యిల్లాలిని ఒక్కమారు తలచుకొన్నచో, ఫ్లెమింగు చెప్పిన పాఠము మనకు ఒంటబట్టినట్లే.