లూయీ పాశ్చరు జీవితము

కాలినడకన బడికి వచ్చు బాలబాలికలలో, మొఱుగుచు మీదికి వచ్చు కుక్కను చూచి గుండె ఝల్లుమననివారు అరుదు. కొందఱు ఆ వీధి విడిచి చుట్టుదారిని వత్తురు. కొందఱు రాయి చేతబట్టుదురు. కొందఱు వెనుదిరిగి పరుగెత్తుదురు. ఈ భయము నేటిది గాదు, మన దేశమునకు మాత్రమే చెందినదియు గాదు. 1885వ సంవత్సరమున ఐరోపాఖండములోని ఆల్సేసు సీమలో తొమ్మిదేండ్ల బాలుడొకడు ఇట్లే ఒంటరిగా బడికి పోవుచు కుక్కవాత బడెను. ఆ బాలుని కాపాడి, తద్ద్వారా లోకమునకంతకును మహోపకార మొనర్చిన లూయీ పాశ్చరు చరిత్రమును మన విద్యార్థులు తెలిసికొనుట యుక్తము.

లూయీ పాశ్చరు 1822వ సంవత్సరము డిసెంబరు 27వ తేదీన ఫ్రాన్సుదేశమున జూరా మండలములోని డోల్ అను పట్టణమున జన్మించెను. ఆయన తండ్రి నెపోలియను సేనలో పనిచేసి వచ్చినవాడు. తోళ్లు పదును చేయుట ఆయన జీవనోపాధి. కొలదికాలమునకు ఆ కుటుంబము ఆర్బ్వా అను చిన్న పట్టణమునకు వచ్చి స్థిరపడెను. లూయీ బాల్యమంతయు అచ్చటనే గడచెను.

ఆ బాలునకు తొమ్మిదవయేడు నడుచుచుండగా, 1831వ సంవత్సరమున, వెఱ్ఱియెత్తిన తోడేలొకటి ఆ ప్రాంతమున జొరబడి కనబడినవారినెల్ల కఱచెను. ఆ కాలమున ఆ గాయమునకు తెలిసిన చికిత్స యొక్కటే. గాయపడినవారిని కమ్మరి కొలిమికి గొనిపోయి, ఎఱ్ఱగా కాల్చిన యినుముతో కాటులను వాతలు వేయుచుండిరి. తన యింటికి చేరువనే జరిగిన ఆ ఘోరమును లూయీ కన్నులార చూచెను. వాతలు పడినవారిలోను కొందఱు బ్రతుకలేదు; కొన్ని వారములకు నీటిని చూచిననే కంఠము బిగిసి, మతి చలించి మరణించిరి. ఆ దృశ్యము ఆ పసివాని మనస్సును విడువలేదు.

చదువునందు ఆయన మొదట అసాధారణుడని యెవ్వరు ననుకొనలేదు. చిత్రలేఖనమునం దాయనకు మక్కువ మెండు. తలిదండ్రుల రూపములను రంగుబలపములతో చక్కగా చిత్రించెను. పదునైదవయేట ఉన్నతవిద్యకై పారిసునకు పంపగా, ఇంటిమీది బెంగచే చిక్కి శల్యమయ్యెను. తండ్రి స్వయముగా వచ్చి ఆయనను మరల ఇంటికి గొనిపోవలసివచ్చెను. తరువాత, పారిసులోని ప్రసిద్ధమగు ఎకోల్ నార్మాల్ ప్రవేశపరీక్షయందు 1842లో కృతార్థుడయ్యును, తన స్థానము తక్కువగా నున్నదని తనకే తృప్తి లేక, చేరుట మానెను. మరల ఒక యేడు శ్రమించి, 1843లో మేలైన స్థానమును పొంది, అప్పుడు చేరెను. తప్పినవానికే గాక, నెగ్గియు సరిగా నెగ్గలేదని తలంచువానికిని మరల చదువుట తగునని ఇందువలన గ్రహింపవచ్చును.

1848లో టార్టారికామ్లపు స్ఫటికములను సూక్ష్మదర్శినితో పరిశీలించి, ఒకే పదార్థపు స్ఫటికములలో కుడి యెడమ చేతులవలె ఒండొంటికి ప్రతిబింబములగు రెండు రూపములు గలవని కనుగొనెను. 1849లో మరీ లోరాను అను యువతిని వివాహమాడెను. ఆమె జీవితాంతము ఆయన పరిశోధనలకు తోడుగా నుండి, ఆయన చెప్పినదానిని వ్రాసిపెట్టుచు, కష్టకాలమున ధైర్యము చెప్పుచుండెను. తరువాత లీల్ పట్టణమున ఆచార్యుడుగా నున్నప్పుడు, ద్రవములు పులియుట సూక్ష్మజీవులచేత జరుగునని కనుగొనెను. ద్రాక్షాసవమును తగుమాత్రము వేడిచేసి చెడకుండ కాపాడు పద్ధతిని కల్పించెను. నేడు పాలను శుద్ధిచేయు పద్ధతి ఆయన పేరుతోనే వ్యవహరింపబడుచున్నది. కుళ్లిన వస్తువులనుండి ప్రాణులు తమంత తామే పుట్టునను పూర్వవిశ్వాసమును హంసకంఠమువంటి మెడగల గాజుబుడ్ల సహాయమున ఖండించెను.

ఈ కీర్తి వచ్చుచున్న దినములలోనే దుఃఖమును వచ్చెను. ఆయన యైదుగురు బిడ్డలలో మువ్వురు బాలికలు బాల్యముననే చనిపోయిరి. 1868లో, నలువదియైదవయేట, పక్షవాతము తగిలి ఆయన యెడమపార్శ్వము చచ్చుపడెను. మఱియొకడైన చాలించియుండును. ఆయన మంచముననుండియే పట్టుపురుగుల తెగుళ్లపై పరిశోధన సాగించి, లేచిన పిమ్మట కుంటుచునే ప్రయోగశాలకు పోయెను. ఆయన గొప్ప కార్యములు పెక్కులు ఈ వ్యాధి సోకిన తరువాత చేసినవే.

వానిలో టీకాలను గుఱించినవి ముఖ్యములు. కోళ్లకు వచ్చు కలరా రోగపుక్రిములను నిలువయుంచినచో బలహీనమగుననియు, ఆ బలహీనక్రిములను ఎక్కించిన కోడికి తరువాత బలమైన క్రిములవలన హాని కలుగదనియు కనుగొనెను. 1881లో పుయ్యీ-ల-ఫోర్ అను గ్రామమున బహిరంగముగా గొఱ్ఱెలపై దొమ్మరోగపు టీకాను పరీక్షించెను. రోగక్రిములను ఎక్కించిన గొఱ్ఱెలలో టీకా పొందినవి బ్రతికెను. పొందనివి చచ్చెను.

ఈ విజయముల వెనుకనే ఆయన మనస్సు చిన్ననాటి కొలిమివైపునకు మరలెను. 1880 మొదలుకొని వెఱ్ఱికుక్క రోగముపై పరిశోధన నారంభించెను. ఇది మిగుల అపాయకరమైన పని. రోగము వెఱ్ఱికుక్క చొంగలో నుండును. దాని క్రిమి నాటి సూక్ష్మదర్శినులకు కనబడునది గాదు. కనబడని శత్రువుతో పోరాడవలసివచ్చెను. ఆయనయు, ఆయన సహచరుడగు ఎమిల్ రూ అను వైద్యుడును, ఈ రోగము నరములకును మెదడునకును సంబంధించినదని గ్రహించి, దానిని కుందేళ్లలో పెంచిరి. రోగముచే చచ్చిన కుందేటి వెన్నుపామును తీసి, తేమను పీల్చు క్షారముంచిన గాజుబుడ్డిలో వ్రేలాడదీసిరి. ఎండినకొలదిని దానిలోని విషశక్తి తగ్గి, సుమారు రెండు వారములకు నశించుచుండెను. మొదట బాగుగ నెండినదానిని, తరువాత క్రమక్రమముగా తాజాదానిని ఎక్కించుచు రాగా, కుక్కలు ఆ రోగమునకు లొంగకుండెను.

ఇందలి కీలకమేమనగా, కుక్క కఱచిన వెంటనే మనుష్యునకు రోగము రాదు. విషము గాయమునుండి నరముల వెంట మెదడునకు ప్రాకుటకు సామాన్యముగా కొన్ని వారములో, కొన్ని నెలలో పట్టును. ఆ వ్యవధిలోనే టీకావలన దేహమునకు రక్షణశక్తి కలిగింపగలిగినచో, ఆ పరుగుపందెమున మనుష్యుడే గెలుచును. విషము మెదడును చేరి రోగలక్షణములు కనబడిన పిమ్మట, నాడే గాదు నేడును, దాదాపుగా మందు లేదు.

1885 జూలై 4వ తేదీ ఉదయమున జోసెఫ్ మైస్టరు అను బాలుడు ఆల్సేసులో పిల్లదారిని బడికి పోవుచుండగా వెఱ్ఱికుక్క మీదబడి పడద్రోసెను. ఎదిరించుటకు బలము చాలని ఆ బాలుడు రెండు చేతులతో ముఖమును మాత్రము కప్పుకొనెను. దూరమునుండి చూచిన తాపీపనివాడొకడు ఇనుపకమ్మితో పరుగున వచ్చి కుక్కను తఱిమెను. అప్పటికే చేతులమీదను తొడలమీదను పదునాలుగు గాయములయ్యెను. తల్లి ఆ బాలుని వెంటబెట్టుకొని జూలై 6వ తేదీన పారిసులో పాశ్చరు నాశ్రయించెను. కుక్క యజమానియు వారితో వచ్చెను. అతనినిగూడ కుక్క పట్టినది గాని, పండ్లు చర్మమున దిగలేదు. కావున పాశ్చరు అతనికి భయములేదని చెప్పి పంపివేసెను.

బాలుని విషయమున ఆయనకు కలిగిన సంకట మింతింత గాదు. అంతవఱకు ఆయన పరీక్షలు ప్రధానముగా జంతువులపైనే సాగెను. తాను వైద్యుడు గాడు. టీకా వికటించినచో బాలుని చంపినవాడగును; వేయకున్నచో బాలుడు చచ్చుట దాదాపు నిశ్చయము. ఆయన నోటుపుస్తకములను తరువాతి కాలమున పరిశీలించిన పండితులు, ఆ బాలునకు వాడిన క్రమమును కుక్కలపై అప్పటికి పూర్తిగా పరీక్షించియుండలేదని చూపిరి. మహాపురుషుల చరిత్రయందు ఇట్టి విషయమును దాచుట తగదు. ఆయన తెగించినది నిజము. ఆ తెగింపు బరువు ఆయనకు తెలిసినదనుటయు నిజము. వుల్పియాను, గ్రాంషే అను నిరువురు వైద్యుల యాలోచన గైకొని, వారు తగునని చెప్పిన పిమ్మటనే సమ్మతించెను. ఆ సాయంకాలమున గ్రాంషే మొదటి సూది వేసెను. పది దినములలో మొత్తము పదుమూడు సూదులు వేసిరి. సూదిలోని విషము తీవ్రమగుచున్నకొలదిని బాలుడు నిశ్చింతగా ఆడుకొనుచుండెను. పాశ్చరునకు మాత్రము రాత్రులు నిద్ర లేదు. బాలుడు బ్రతికెను.

ఆ యేడు అక్టోబరులో ఆయన స్వస్థలమునకు చేరువనున్న విలే-ఫార్లే గ్రామమున ఆఱుగురు పసులకాపరి పిల్లలపైకి వెఱ్ఱికుక్క వచ్చెను. వారిలో పెద్దవాడగు జూపీయ్ అను బాలుడు చిన్నవారిని పరుగెత్తనిచ్చి, తాను చెర్నకోలతో అడ్డుపడెను. కుక్క అతని యెడమచేతిని కఱచి పట్టగా, దానిని నేలకదిమి, చెర్నకోల త్రాటితో మూతి బిగించి కట్టి చంపెను. గాయపడి ఆఱు దినములైన పిమ్మట పారిసు చేరిన ఆ సాహసియు టీకాచే బ్రతికెను. కుక్కతో పెనగులాడు జూపీయ్ విగ్రహము నేటికిని పారిసులోని పాశ్చరు సంస్థయం దున్నది.

అన్నియు జయములే గావు. కుక్క కఱచిన ముప్పదియేడు దినములకు లూయీజ్ పెల్లెటియే అను పదేండ్ల బాలికను తలిదండ్రులు తీసికొనివచ్చిరి. గాయములు తలమీదివి, కాలము మించిపోయెను. చికిత్స ఫలింపనిచో తన పద్ధతికే అపకీర్తి వచ్చునని యెఱిగియు, వచ్చినవారిని త్రోసిపుచ్చుటకు పాశ్చరునకు మనసొప్పలేదు. ఆ బాలిక మరణించెను. ఆయన కన్నీరు విడిచెను. 1886లో రష్యాలోని స్మొలెన్‌స్కునుండి వెఱ్ఱితోడేలు కఱచిన పందొమ్మండుగురు వచ్చిరి. వారిలో మువ్వురు పోగా పదాఱుగురు స్వదేశమునకు మరలిపోయిరి.

లోకులిచ్చిన చందాలతో కట్టిన పాశ్చరు సంస్థ 1888 నవంబరు 14వ తేదీన తెఱువబడెను. నాడు ఉద్వేగముచే గొంతు పూడుకొనిపోగా, ఆయన ఉపన్యాసమును కుమారుడు చదువవలసివచ్చెను. 1895 సెప్టెంబరు 28వ తేదీన ఆయన కన్నుమూసెను. ఆయన దేహము ఆ సంస్థలోనే సమాధి చేయబడెను. జోసెఫ్ మైస్టరు పెరిగి పెద్దవాడై, ఆ సంస్థకే ద్వారపాలకుడుగా 1940లో తాను మరణించువఱకు కొలువు చేసెను.

ఆయన నాటిన విత్తు మన దేశమునను మొలకెత్తెను. 1900లో కసౌలియందును, 1907లో నీలగిరులపై కూనూరునందును పాశ్చరు సంస్థలు వెలసెను. నాడు మన జిల్లాలు పెక్కులు మద్రాసు రాజధానిలోనివి గనుక, కూనూరు సంస్థ మనవారికిని ఆశ్రయమయ్యెను. కసౌలిలో సెంపిలు దొర గొఱ్ఱె మెదడునుండి చేసిన టీకాను మనవారు చిరకాలము పొట్టచుట్టును పొడిపించుకొనిరి. ఆ బాధ నేడు లేదు. ఇప్పటి టీకాలు శుద్ధమైనవి, తక్కువ నొప్పిగలవి; చేతిమీదనే వేయుదురు.

అయినను ఈ రోగమువలన ప్రపంచమున ఏటేట సుమారు 59,000 మంది చనిపోవుచున్నారని అంచనా. అందు బాలురు పెద్ద భాగము గలరు. మందు లేక గాదు, మందు వేళకు చేరక. కావున ఈ చరిత్రనుండి మనము నేర్చుకొనవలసిన నడవడి కొంత గలదు.

తినుచున్న కుక్కను, నిద్రించు కుక్కను, పిల్లలుగల కుక్కను సమీపింపరాదు. మీదికి వచ్చునపుడు పరుగెత్తరాదు. పరుగెత్తువానిని తఱుముట కుక్కకు సహజగుణము. చేతులు దగ్గఱకు చేర్చి, దాని కన్నులలోనికి చూడక, కదలక నిలువవలెను. అది శాంతించిన పిమ్మట వెన్ను చూపక మెల్లగా తొలగవలెను. పడద్రోసినచో, మైస్టరు చేసినట్లు, ముడుచుకొని ముఖమును మెడను చేతులతో కప్పుకొనవలెను. కఱచినచో గాయమును వెంటనే పావుగంటసేపు సబ్బుతో, ధారగా పడు నీటితో కడుగవలెను. కారపుపొడి, సున్నము, పసుపు మొదలగునవి అద్దరాదు. చిన్న గీతయైనను పెద్దలకు చెప్పి, ఆనాడే ఆసుపత్రికి పోయి, వైద్యుడు చెప్పిన సూదులన్నియు తప్పక పూర్తిచేసికొనవలెను. తలిదండ్రులు తిట్టుదురను భయముతో దాచిపెట్టుటకంటె అపాయము వేఱొకటి లేదు. తలిదండ్రులును, కాటును దాచని బిడ్డను తిట్టక మెచ్చుకొనవలెను. పెంపుడుకుక్కలు గలవారు వానికి ఏటేట టీకాలు వేయింపవలెను.

పాశ్చరు మరణించిన సెప్టెంబరు 28వ తేదీని ప్రపంచ రేబీసు దినముగా పాటించుచున్నారు. కొలిమిలో కాలిన యినుమును చూచి అనేకులు భయపడిరి; ఒక్కడు మాత్రము ఆ భయమును మఱువక, ఏబదినాలుగేండ్లకు దానికి బదులు చెప్పెను. బాల్యమున మన కన్నులబడిన దుఃఖమును ఊరక మఱచిపోవక, ఎదిగిన పిమ్మట దానిని తీర్చుటకు మన విద్య నుపయోగించుటయే ఆ మహనీయునకు మనము చేయదగిన గౌరవము.