అయ్యగారి సాంబశివరావు

నిడదవోలు నుండి తణుకు, అత్తిలి మీదుగా భీమవరము పోవు రైలుమార్గమునకు ఇరువైపుల పచ్చని వరిచేలు కానవచ్చును. ఆ భీమవరమునకు చేరువ మోగల్లు అను పల్లె కలదు. 1914వ సంవత్సరము సెప్టెంబరు 20వ తేదీన సాంబశివరావుగారు అచ్చట జన్మించిరి.

ఆయన కాశీ హిందూ విశ్వవిద్యాలయమున ఎమ్.ఎస్‌సి. పట్టము పొంది, అచ్చటనే అధ్యాపకులైరి. పిమ్మట టాటా విద్యార్థి వేతనముతో అమెరికా కేగి, స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున విద్యుత్ సాంకేతిక విద్య నభ్యసించిరి. స్వదేశమునకు తిరిగివచ్చి, హోమీ భాభాగారి నాయకత్వమున పరిశోధనకు పూనుకొనిరి.

ఆ దినములలో మన దేశమునకు సున్నితమైన ఎలక్ట్రానిక్ పరికరములు చాలవరకు విదేశములనుండియే రావలసియుండెను. పరులు పంపనిచో పని నిలిచిపోవును. ఈ కొరతను తీర్చుటయే రావుగారి జీవితవ్రత మయ్యెను. 1956లో ట్రాంబేయందు అప్సర అను అణు రియాక్టరు పనిచేయ నారంభించెను. దానికి ఇంధనము ఇంగ్లండునుండి వచ్చెను. కాని దాని శక్తిని కొలిచి అదుపునందుంచు పరికరములను రావుగారి బృందము ఇచ్చటనే నిర్మించెను.

1966లో భాభాగారు విమాన ప్రమాదమున మరణించిరి. అయినను తలపెట్టిన పని ఆగలేదు. 1967వ సంవత్సరమున హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా స్థాపితమయ్యెను. దానిని తీర్చిదిద్దిన భారము రావుగారిదే.

ఆ సంస్థ సామర్థ్యమునకు 1975లో గొప్ప పరీక్ష వచ్చెను. ఆంధ్రప్రదేశముతో కూడ ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు, అమెరికావారి ఉపగ్రహము ద్వారా ఒక సంవత్సరకాలము టెలివిజను కార్యక్రమములు ప్రసారమయ్యెను. దాదాపు 36,000 కిలోమీటర్ల దూరమునుండి వచ్చు ఆ తరంగము మిక్కిలి బలహీనమైనది. అది సెకనుకు 86 కోట్ల పర్యాయములు కంపించును. అంత వేగముగల తరంగమునుండి నేరుగా బొమ్మను రాబట్టుట కష్టము. కావున గ్రాహకయంత్రము తనలో తానే మరియొక కంపనమును పుట్టించి, రెంటిని కలిపి, వాని భేదముగా తక్కువ పౌనఃపున్యముగల తరంగమును పొందును. తాను పుట్టించు కంపనము చలించెనా, బొమ్మయు చెదరిపోవును. పల్లెలలో ఎండకు, దుమ్మునకు ఓర్చి పనిచేయవలసిన ఆ యంత్రములను హైదరాబాదులోని ఈ సంస్థయే తయారుచేసెను.

నేడు మన చేతిలోని సెల్‌ఫోనునందును ఇట్టి విద్యయే కలదు. ఒక చిన్న స్ఫటికము నిలుకడగా కంపించుచుండ, దాని ఆధారముననే కావలసిన పౌనఃపున్యము లనేకము నిర్మితమగుచుండును. ఆధారము స్థిరమైననే తక్కినవి స్థిరములగును.

రావుగారి జీవితమును అట్టిదే. 1965లో భట్నాగర్ పురస్కారమును, 1972లో పద్మభూషణ బిరుదమును ఆయనను వరించినవి. 2003లో ఆయన కీర్తిశేషులైరి. ఆయన పేర వెలసిన ఎ.ఎస్. రావు నగరము హైదరాబాదులో నేటికిని ఆ పల్లెటూరి శాస్త్రజ్ఞుని స్మరింపజేయుచున్నది.