సిడ్నీ ఫార్బర్

సిడ్నీ ఫార్బర్ (1903 సెప్టెంబరు 30 - 1973 మార్చి 30) అమెరికాకు చెందిన పాథాలజీ నిపుణుడు, పిల్లల క్యాన్సర్ పరిశోధకుడు. బోస్టన్ నగరంలోని పిల్లల ఆసుపత్రిలో 1947-48లో ల్యుకేమియా (రక్త క్యాన్సర్) సోకిన పిల్లలకు అమినోప్టెరిన్ అనే ఔషధాన్ని ఇచ్చి, ఆ వ్యాధిని మందులతో తాత్కాలికంగానైనా అదుపు చేయవచ్చని మొదటిసారిగా నిరూపించాడు. ఈ కృషి వలన ఆయనను ఆధునిక కీమోథెరపీకి పితామహునిగా పరిగణిస్తారు. ఆ ఔషధం తెలుగువాడైన యల్లాప్రగడ సుబ్బారావు నేతృత్వంలోని ప్రయోగశాలలో తయారైంది.

బాల్యం, విద్యాభ్యాసం

ఫార్బర్ న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో నగరంలో ఒక యూదు కుటుంబంలో జన్మించాడు. తల్లిదండ్రుల పధ్నాలుగు మంది సంతానంలో ఈయన మూడవవాడు. అన్న మార్విన్ ఫార్బర్ తత్వశాస్త్రవేత్తగా పేరు పొందాడు. సిడ్నీ 1923లో బఫెలో విశ్వవిద్యాలయం నుండి పట్టా పుచ్చుకున్నాడు. అప్పట్లో అమెరికాలోని వైద్య కళాశాలలు యూదు విద్యార్థులను పరిమిత సంఖ్యలోనే చేర్చుకొనేవి. అందువలన ఆయన జర్మనీకి వెళ్ళి హైడెల్‌బర్గ్, ఫ్రైబర్గ్ విశ్వవిద్యాలయాలలో వైద్య విద్య ప్రారంభించాడు. అక్కడ ప్రతిభ కనబరచిన తరువాత హార్వర్డ్ వైద్య కళాశాలలో రెండవ సంవత్సరంలో ప్రవేశం లభించింది. 1927లో వైద్య పట్టా పొందాడు. మరుసటి సంవత్సరం నార్మా హోల్జ్‌మన్‌ను వివాహం చేసుకున్నాడు. వీరికి నలుగురు సంతానం.

పాథాలజిస్టుగా

1929లో ఫార్బర్ బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో చేరాడు. ఆ ఆసుపత్రికి మొట్టమొదటి పూర్తికాల పాథాలజిస్టు ఈయనే. కణజాలాన్ని సూక్ష్మదర్శిని క్రింద పరీక్షించి వ్యాధిని గుర్తించడం, మరణించిన పిల్లలకు శవపరీక్ష చేసి మరణ కారణాన్ని నిర్ధారించడం ఆయన విధులు. శవపరీక్ష పద్ధతులపై ఆయన రచించిన గ్రంథం 1937లో వెలువడింది. పిల్లలలో అరుదుగా వచ్చే ఒక జన్యు వ్యాధిని ఆయన వర్ణించాడు. అది నేటికీ ఫార్బర్ వ్యాధి అనే పేరుతోనే వ్యవహారంలో ఉంది.

దాదాపు రెండు దశాబ్దాల పాటు ఆయన పని ఎక్కువగా ప్రయోగశాలకే పరిమితమైంది. రోగనిర్ణయంలో ఎంత నైపుణ్యం సాధించినా, ల్యుకేమియా సోకిన పిల్లలకు దాని వలన కలిగే మేలు ఏమీ లేకపోయింది. రక్తం ఎక్కించడం, నొప్పి తగ్గించడం తప్ప వైద్యులు చేయగలిగింది లేదు. వ్యాధి బయటపడిన కొద్ది వారాలలోనో, కొద్ది నెలలలోనో బిడ్డ మరణించేది. గడ్డలుగా ఏర్పడే క్యాన్సర్లకు శస్త్రచికిత్స, రేడియేషన్ ఉన్నా, రక్తమంతటా వ్యాపించే ఈ వ్యాధికి అవి పనికిరావు.

అమినోప్టెరిన్ ప్రయోగాలు

ఈ చికిత్సకు మూలమైన ఫోలిక్ ఆమ్లం కథకు భారతదేశంతోనూ సంబంధం ఉంది. 1920ల చివరలో ఆంగ్లేయ వైద్యురాలు లూసీ విల్స్ బొంబాయిలో గర్భిణీ స్త్రీల రక్తహీనతను పరిశోధించి, ఈస్టు సారంతో అది నయమవుతుందని కనుగొన్నది. ఆ సారంలో ఉన్న పదార్థమే ఫోలిక్ ఆమ్లమని తరువాత తేలింది. న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో లెడర్లీ ప్రయోగశాలలో సుబ్బారావు బృందం 1940లలో దీనిని కృత్రిమంగా తయారు చేసింది. భీమవరంలో జన్మించిన సుబ్బారావు 1923లో బోస్టన్ చేరి, 1940లో లెడర్లీకి వెళ్ళేవరకు హార్వర్డులోనే పనిచేశాడు.

ఫార్బర్ మొదట ఫోలిక్ ఆమ్లానికి సంబంధించిన సమ్మేళనాలను ల్యుకేమియా రోగులకు ఇచ్చి చూశాడు. కొందరిలో వ్యాధి తగ్గడానికి బదులు మరింత వేగంగా పెరిగినట్లు ఆయనకు కనిపించింది. ఈ వైఫల్యం నుండే ఆయనకు కొత్త ఆలోచన కలిగింది. ఫోలిక్ ఆమ్లం ల్యుకేమియా కణాలకు బలం ఇస్తున్నట్లయితే, దాని పనిని అడ్డగించే పదార్థం ఆ కణాలను అణచగలదని ఊహించాడు. లెడర్లీ శాస్త్రవేత్తలు అటువంటి విరోధి పదార్థాలను తయారుచేసి ఆయనకు పంపారు. వాటిలో ముఖ్యమైనది అమినోప్టెరిన్. ఇది ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉంటుంది. కణ విభజనకు అవసరమైన ఒక ఎంజైమును పట్టుకొని పని చేయనీయదని తరువాతి పరిశోధనలలో తెలిసింది.

1947 డిసెంబరు చివరలో రెండేళ్ళ బాలునికి అమినోప్టెరిన్ ఇవ్వడం ప్రారంభించారు. కొద్ది రోజులలోనే తెల్ల రక్తకణాల సంఖ్య తగ్గి, బాలుడు కోలుకున్నాడు. ఆసుపత్రిలో అందరూ దీనిని హర్షించలేదు. మరణం తప్పని పిల్లలను విషపూరితమైన మందులతో బాధించడం కంటే ప్రశాంతంగా పోనివ్వడమే మేలని పలువురు వైద్యులు భావించారు. ఈ ఆక్షేపణ నిరాధారమైనది కాదు. మందు మోతాదు మించితే నోటిలో పుండ్లు, రక్తస్రావం వంటి ప్రమాదాలు కలిగేవి.

ఫలితాలు 1948 జూన్ 3న న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రచురితమయ్యాయి. చికిత్స పొందిన 16 మంది పిల్లలలో 10 మందికి మెరుగుదల కనిపించింది. అయితే అది తాత్కాలికమే. వ్యాధి మళ్ళీ తిరిగి వచ్చింది, మొదట కోలుకున్న బాలుడు కూడా 1948లోనే మరణించాడు. వ్యాస శీర్షికలోనే ఫార్బర్ బృందం ఈ ఉపశమనం తాత్కాలికమని స్పష్టంగా పేర్కొన్నది. మందుల దుష్ఫలితాలను కూడా దాచలేదు. నేటి క్లినికల్ ట్రయల్స్‌లో వలె పోల్చి చూడడానికి వేరొక బృందం లేదు, రోగులను యాదృచ్ఛికంగా విభజించడం కూడా లేదు. అటువంటి ప్రయోగాలు ల్యుకేమియాలో 1950ల మధ్య నుండి, అనేక ఆసుపత్రులు కలిసి పనిచేయడంతో మొదలయ్యాయి.

రసాయనాలతో క్యాన్సర్ చికిత్సకు ఫార్బర్ కంటే ముందు కూడా ప్రయత్నం జరిగింది. 1942లో యేల్ విశ్వవిద్యాలయంలో లింఫోమా రోగికి నైట్రోజన్ మస్టర్డ్ ఇచ్చారు. కాని వ్యాధి కణానికి కావలసిన పోషకాన్ని ఎంచుకొని, దానికి విరోధిని ప్రయోగించడం ఫార్బర్ పద్ధతిలోని ప్రత్యేకత. వ్యాసం వెలువడిన రెండు నెలలకే, 1948 ఆగస్టులో, సుబ్బారావు మరణించాడు. అదే ప్రయోగశాల నుండి వచ్చిన మెథోట్రెక్సేట్ క్రమంగా అమినోప్టెరిన్ స్థానాన్ని ఆక్రమించింది. పిల్లల ల్యుకేమియాకు, కీళ్ళవాతానికి నేటికీ దీనిని వాడుతున్నారు.

జిమ్మీ నిధి

పరిశోధనకు ధనం అవసరమైనందున ఫార్బర్ 1947లో పిల్లల క్యాన్సర్ పరిశోధనా సంస్థను స్థాపించాడు. 1948 మే 22న ఆయన వద్ద చికిత్స పొందుతున్న పన్నెండేళ్ళ బాలునితో ఒక రేడియో కార్యక్రమం ప్రసారమైంది. బాలుని వివరాలు బయటపడకుండా అతనికి జిమ్మీ అని పేరు పెట్టారు. బాస్టన్ బ్రేవ్స్ బేస్‌బాల్ ఆటగాళ్ళు అతని మంచం వద్దకు వచ్చి పలకరించారు. 20,000 డాలర్లు వస్తే జిమ్మీకి టెలివిజన్ కొనిస్తామని ప్రకటించగా, 2,30,000 డాలర్లకు పైగా విరాళాలు వచ్చాయి. ఆ బాలుడు మరణించి ఉంటాడని చాలామంది అనుకున్నారు. కాని అతడు కోలుకొని పెద్దవాడై, 1998లో తన అసలు పేరు వెల్లడించాడు.

ఈ నిధితో నిర్మించిన భవనం 1952లో ప్రారంభమైంది. వైద్యం, పరిశోధన, పోషకాహారం, కుటుంబానికి మానసిక, ఆర్థిక సహాయం అన్నీ ఒకేచోట లభించాలన్నది ఫార్బర్ ఆశయం. దీనిని ఆయన సంపూర్ణ సంరక్షణ అని వ్యవహరించేవాడు. 1950లలో ఆయన బృందం ఆక్టినోమైసిన్-డి అనే మందును విల్మ్స్ ట్యూమర్ అనే పిల్లల మూత్రపిండ క్యాన్సర్‌పై ప్రయోగించింది. శస్త్రచికిత్స, రేడియేషన్‌లకు దానిని జోడించడం వలన మంచి ఫలితాలు వచ్చాయి.

ప్రజా జీవితం

సంఘసేవకురాలు మేరీ లాస్కర్‌తో కలిసి ఫార్బర్ క్యాన్సర్ పరిశోధనకు ప్రభుత్వ నిధులు పెంచాలని అమెరికా కాంగ్రెస్ ముందు అనేక పర్యాయాలు వాదించాడు. వ్యాధి మూలాలు పూర్తిగా తెలియకముందే చికిత్సల కోసం తొందరపడడం తగదని కొందరు శాస్త్రవేత్తలు విమర్శించారు. ఆ సంవత్సరమే మరణించబోయే రోగులు అంతవరకు ఆగలేరన్నది ఫార్బర్ సమాధానం. 1966లో ఆయనకు లాస్కర్ పురస్కారం లభించింది. 1971 డిసెంబరు 23న అధ్యక్షుడు రిచర్డ్ నిక్సన్ జాతీయ క్యాన్సర్ చట్టంపై సంతకం చేశాడు.

మరణం, ప్రభావం

1973 మార్చి 30న ఫార్బర్ తన కార్యాలయంలో గుండె ఆగి మరణించాడు. అప్పటికి ఆయన వయస్సు 69 సంవత్సరాలు. మరుసటి సంవత్సరం ఆయన స్థాపించిన సంస్థకు ఆయన పేరు పెట్టారు. 1983 నుండి అది డానా-ఫార్బర్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌గా ప్రసిద్ధమైంది.

ఒక్క మందుతో కలిగిన ఉపశమనం నిలవలేదు గనుక, తరువాతి పరిశోధకులు అనేక మందులను కలిపి వాడారు. 1960లలో మెంఫిస్‌లోని సెయింట్ జూడ్ ఆసుపత్రిలో డొనాల్డ్ పింకెల్ బృందం ఈ విధానాన్ని ముందుకు తీసుకువెళ్ళి, ల్యుకేమియా పిల్లలలో సుమారు సగం మందికి వ్యాధి పూర్తిగా నయం కావచ్చని చూపింది. ప్రస్తుతం సంపన్న దేశాలలో అక్యూట్ లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియా సోకిన పిల్లలలో సుమారు 90 శాతం మంది ఐదేళ్ళకు మించి జీవిస్తున్నారు. 1948లో కొద్ది నెలలకే పరిమితమైన ఉపశమనం ఈ మార్పుకు తొలి మెట్టు అయింది.