భాగ్యరెడ్డి వర్మ

మనుష్యునకు పేరు పెట్టువారు తల్లిదండ్రులు. ఆ పేరునకు వన్నె తెచ్చుట అతని వంతు. కాని తన కులమువారి కందరకును ఇతరులు పెట్టిన పేరు అవమానకరమైన దైనచో అతడేమి చేయవలెను? ఈ ప్రశ్నకు తన జీవితముచేతనే సమాధానము చెప్పిన మహనీయుడు భాగ్యరెడ్డి వర్మ.

ఆయన 1888వ సంవత్సరము మే 22వ తేదీన హైదరాబాదు నగరమున ఒక పేద మాల కుటుంబములో జన్మించెను. తండ్రి మాదరి వెంకయ్య, తల్లి రంగమాంబ. వారు కుమారునకు భాగయ్య యని పేరిడిరి. ఆ కుటుంబమునకు గురువైన శైవు డొకడు ఆ పేరును భాగ్యరెడ్డిగా మార్చెను. ఈ దేశమున మొదట వసించి పాలించినవారు వారి పూర్వులే యనియు, రెడ్డి యను మాట పాలకుడని అర్థమిచ్చు రేడు అను మాటనుండి పుట్టినదనియు ఆ గురువు వారికి బోధించెను.

ఇంటిలో వినిన మాట అది. వీధిలో కనబడు లోకము వేరు. ఆ కాలమున ఆయన కులమువారు ఊరి బావిలో నీరు తోడుకొనరాదు. గుడిలో అడుగు పెట్టరాదు. వారి బిడ్డలకు బడి తలుపులు మూసియుండెను. అంటరానివారని లోకము వారిని దూరముగా నుంచెను. తరతరములుగా ఆ మాట వినుచుండుటచే వారిలో పలువురు తాము తక్కువవారమే యని నమ్మిరి. భాగ్యరెడ్డి నమ్మలేదు.

బాల్యమున ఆయన ఒక న్యాయవాది గృహమున పనికి కుదిరి, అచ్చట విద్యపై ఆసక్తి పెంచుకొనెను. 1906లో, పదునెనిమిదేండ్ల ప్రాయమున, జగన్మిత్ర మండలిని స్థాపించెను. చదువురాని తనవారికి పుస్తకములు పంచి ప్రయోజనము లేదు. కావున హరికథలు, భజనలు ఏర్పాటు చేసి, వారికి తెలిసిన పాటలద్వారా తెలియని విషయములను బోధించెను. 1911లో ఆ మండలి మాన్య సంఘముగా మారెను. మాన్యుడనగా గౌరవింపదగినవాడు. లోకము నీచులన్న వారికి ఆయన తలపెట్టిన గౌరవము ఆ పేరులోనే కలదు.

అయితే పేరు మార్చినంతమాత్రమున బ్రతుకు మారదని ఆయనకు తెలియును. మద్యపానము, బాల్యవివాహములు, జంతుబలులు మానవలెనని తనవారికి నచ్చజెప్పెను. బాలికలను దేవతల పేర విడుచు జోగిని దురాచారము నెదిరించి పోరాడెను. 1910లో ఇసామియా బజారునందును, లింగంపల్లియందును పాఠశాలలు తెరచెను. నిజాము రాజ్యమున ఉర్దూకే ప్రాధాన్యమున్న ఆ దినములలో ఈ బడులలో తెలుగున చదువు చెప్పిరి. కాలక్రమమున అట్టి పాఠశాలలు ఇరువదికి మించెను. ఆయన సేవను మెచ్చి 1913లో ఆర్యసమాజమువారు ఆయనకు వర్మ యను బిరుదు నిచ్చిరి.

1917వ సంవత్సరము నవంబరు నెలలో బెజవాడయందు ఒక గొప్ప సభ జరిగెను. దానికి పంచమ మహాసభ యని పేరు. పంచములనగా నాలుగు వర్ణములకు వెలుపలి అయిదవవారు. ఆ సభకు అధ్యక్షుడు భాగ్యరెడ్డి వర్మ. ఆహ్వానించినవారి మెప్పుకొరకు మౌనము వహించుట సులభమే. కాని ఆయన అధ్యక్షపీఠమునుండియే ఆ పేరును నిరాకరించెను. పంచములను మాట పురాణములలో లేదనియు, తమవారు ఈ నేలకు ఆదినివాసులనియు వాదించెను. సభవారు అంగీకరించిరి. పంచమ మహాసభగా ప్రారంభమైన ఆ సభ ఆది ఆంధ్ర మహాసభగా ముగిసెను.

అటుపిమ్మట హైదరాబాదులో మాన్య సంఘము ఆది హిందూ సంఘముగా మారెను. 1931 జనాభా లెక్కలలో నిజాము ప్రభుత్వము ఆయన కులమువారిని ఆది హిందువులని వ్రాయుట కంగీకరించెను. 1930లో లక్నో నగరమున జరిగిన అఖిల భారత సభకు ఆయన అధ్యక్షత వహించెను. లండనులో జరుగనున్న రౌండు టేబులు సమావేశమున తమ పక్షమున మాటలాడుటకు డాక్టరు అంబేద్కరే తగినవాడని ఆ సభ తీర్మానించెను.

1939వ సంవత్సరము ఫిబ్రవరి 18వ తేదీన భాగ్యరెడ్డి వర్మ కన్నుమూసెను. అప్పటి కాయన వయస్సు ఏబదియేండ్లు మాత్రమే.

పూర్వుల ఘనతను చెప్పుకొని తృప్తిపడువారు పలువురుందురు. ఆయన ఆ ఘనతను తనకొక్కనికే అలంకారముగా నుంచుకొనలేదు. అక్షరముగా మార్చి పేదబిడ్డల పలకలపై నిలిపెను. తామెవరో తెలిసికొనుట అవసరము. తెలిసికొని తోడివారికై పాటుపడుట అంతకంటె నవసరము. భాగ్యరెడ్డి వర్మ జీవితము మనకు నేర్పు పాఠ మిదియే.