వాలు తెలిసిన మనిషి – గాం గంటం దొర

అల్లూరి సీతారామరాజు జయంతి రోజు మన పిల్లలు విల్లంబులు పట్టుకుని వేషాలు వేస్తారు. రాజు పక్కన నిలబడే పిల్లవాడిని నువ్వెవరివి అని అడిగితే గంటం దొరనని చెబుతాడు. అంతకు మించి చెప్పలేడు. అందుకే ఈ నాలుగు మాటలు.

గంటం దొర బట్టిపనుకుల మునసబు. ఊరికి పెద్ద. ఆ రోజుల్లో గూడెం డిప్యూటీ తాసిల్దారు బాస్టియన్ నర్సీపట్నం నుంచి లంబసింగికి రోడ్డు వేయిస్తూ, మన వాళ్ల చేత గిట్టని కూలికి చాకిరీ చేయించాడు. పోడు మీద ఆంక్షలు సరేసరి. బాస్టియన్‌తో తగవులో గంటం దొర మునసబు పదవి పోగొట్టుకున్నారు. తమ్ముడు మల్లు దొరతో కలిసి రాజు వెంట నడిచారు.

1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో వరుసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడి జరిగింది. 26 తుపాకులు దొరికాయి. తుపాకులు సర్కారువి, కొండ మాత్రం మనది.

సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో ఆ తేడా తెలిసింది. ఇరుకు దారిలో పోలీసు బలగం వస్తుంటే మన్యం వీరులు కొండవాలులో చెట్ల చాటున కాచుకున్నారు. ముందు నడిచిన మన దేశపు పోలీసులను పోనిచ్చారు. వెనుక వస్తున్న తెల్ల అధికారులు స్కాట్ కవర్డ్, హైటర్ తూటాలకు కూలిపోయారు.

కొండవాలులో గురి ఎంత కష్టమో సైన్సు చదివే పిల్లలు గమనించాలి. వాలు వెంట 100 మీటర్లున్న గురి, వాలు 45 డిగ్రీలైతే, అడ్డంగా కొలిస్తే సుమారు 70 మీటర్లే. తూటా ఎంత జారుతుందన్నది దాదాపుగా ఆ అడ్డం దూరాన్ని బట్టే ఉంటుంది. 100 మీటర్లని లెక్కవేసి కాలిస్తే దెబ్బ గురికి పైన తగులుతుంది. అందుకే ఎగువకు కాల్చినా, దిగువకు కాల్చినా గురి కాస్త కిందికి పెట్టాలి. ఎగువకు కాల్చేటప్పుడు పైకి పెట్టాలనుకోవడం పొరపాటు. బాణానికీ ఇదే లెక్క. మైదానంలో నేర్చిన చేయి ఇక్కడే తడబడుతుంది. విల్లు పట్టి వాలులో తిరిగిన చేతికి పుస్తకం చదవకపోయినా ఇది అలవాటవుతుంది. ఇప్పుడు వన్యప్రాణుల వేట నేరం. 1972 చట్టం ఉంది. వేట వదిలేయండి, ఆ లెక్క మాత్రం వదలకండి.

1924 మే 7న రాజును చంపేశారు. గంటం దొర లొంగిపోలేదు. నెల తిరిగేసరికి, జూన్ తొలి వారంలో, పోరాడుతూ ప్రాణం విడిచారు. అప్పటికే పట్టుబడిన మల్లు దొర ఏళ్ల తరబడి శిక్ష అనుభవించి, 1952లో విశాఖపట్నం నుంచి తొలి లోక్‌సభకు ఎన్నికయ్యారు.

ఈసారి గంటం దొర వేషం వేసే బాబుకి ఇదంతా చెప్పండి. ఎవరిని కొట్టాలో తెలియడం ఒక్కటే గురి కాదు, ఎవరిని పోనివ్వాలో తెలియడం కూడా గురేనని మరీ మరీ చెప్పండి.

గంటం దొరకు జోహార్లు.